సంఘమంతా ఒక ప్రార్థన, నేనొక్కదాన్నీ ఒక ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. విడాకులు తీసుకున్న ఆడది మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పడమేమిటని కొందరు మొహాలు తిప్పుకుంటున్నారు. తిప్పుకోండి, చెవులు మాత్రం ఇటే ఉంచండి!

నాది మేనరికం, బావే మొగుడు. పదకొండేళ్ళు అతని తాగుడుకీ తన్నులకీ ఓర్చుకున్నాను, చివరికి గొంతు మీద కాలు పెట్టి తొక్కిన రోజున కట్టుబట్టలతో ధవళేశ్వరంలోని అక్క ఇంటికి వచ్చేశాను, అక్కడే ఒక సహోదరి నన్ను ఈ మందిరానికి తీసుకొచ్చింది, ఇక్కడే నా ప్రభువును తెలుసుకున్నాను.

ఏడాది దాటాక, ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నామని రామచంద్రపురం కోర్టులో కాగితం పెట్టుకున్నాం. మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్న ఆశతో అతనూ సంతకం పెట్టాడు. ఆరు నెలలు ఆగి ఇద్దరూ మళ్ళీ వచ్చి ఇష్టమేనని చెప్పాలి, ఒక్కరు కాదన్నా విడాకులు రావు అన్నారు ప్లీడరు గారు.

ఆ ఆరు నెలలే నాకు అరణ్యం! కేసు వెనక్కి తీసుకుంటేనే బాప్తిస్మం అన్నారు సంఘ పెద్దలు.

"దేవుడు కలిపిన కాపురమమ్మా."

"మమ్మల్ని కలిపింది దేవుడు కాదండి, మా తాత పంతమండి."

పొగరన్నారు. మేము తిరిగి కలవాలని స్త్రీల సమాజం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టింది. నేనూ వాళ్ళతోపాటే పస్తున్నాను, వాళ్ళ మధ్యే మోకరించి, "తండ్రీ, వీళ్ళు మంచివాళ్ళే, కానీ వీళ్ళ మాట వినకు. నన్ను చావుకి పంపమంటున్నారని వీళ్ళకి తెలీదు" అని ప్రార్థించాను.

వాయిదా రోజున పెద్దలిద్దరు అతనికి తెల్లచొక్కా తొడిగి, విడాకులు ఇష్టం లేదని చెప్పమని నేర్పి, వాళ్ళే వెంటబెట్టుకుని వచ్చారు! జడ్జి గారు ముందు నన్ను అడిగారు. పెళ్ళయ్యాక మొదటిసారి తల దించకుండా అతని కళ్ళలోకి చూస్తూ, "ఇష్టమేనండి" అన్నాను. తర్వాత అతన్ని అడిగారు. అతను పెద్దలవైపు చూశాడు, నావైపు చూశాడు.

"ఇష్టమేనండి. ఇది ఇంక నాకు భయపడదండి, తీసుకెళ్ళి ఏం చేసుకోనండి?" అన్నాడు.

దేవునికే మహిమ! నాలో ఆ భయాన్ని తీసేసిందెవరు సహోదరులారా? కోర్టా? ప్లీడరు గారా? నా ప్రభువు! పోయిన ఆదివారం గోదావరిలో బాప్తిస్మం కూడా తీసుకున్నాను, కాదన్న పెద్దలే, కోర్టులో అతని మాట చెవులారా విన్నాక మనసు మార్చుకుని, ఒడ్డున నిలబడి పాట పాడారు, వాళ్ళకీ నా వందనాలు.

ఇక్కడ భుజాల నిండా కొంగు కప్పుకుని కూర్చున్న చెల్లెమ్మా, ఆ కొంగు కింద ఏముందో నాకు తెలుసు. ప్రభువును నమ్ము. నువ్వు తన్నులు తినడం ఆయన చిత్తమని ఎవరు చెప్పినా నమ్మకు. మా అక్క ఇంట్లో ఇంకో చాప పరిచే చోటుంది, వచ్చెయ్యి. ఆమేన్.