ఆయుధపూజ నాటి నిమ్మరసం

ఆ రోజుల్లో నాకు భయపడటానికి వేరే కారణం అక్కర్లేదు, ఉద్యోగం ఉండటమే చాలు. గన్నవరం దగ్గర ఒక పెయింట్ల కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా చేరాను. అక్కడ పాలలా కనిపించే ద్రవంలో కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులుంటాయి. అవి ఒకదానికొకటి అంటుకోకుండా ప్రతి రేణువు మీదా పల్చటి పాలిమర్ పూత ఉంటుంది. ఆ పూత మందం కొలవడం నా పని. పూత పాడైందా, రేణువులన్నీ ముద్దకట్టి పాలు విరిగిపోతాయి, మళ్లీ బాగుచేయడం బ్రహ్మతరం కూడా కాదు. మా మేడం నాకు రెండు సీసాలిచ్చి, మళ్లీ దొరకని శాంపిళ్లు జాగ్రత్త అని చెప్పి, రెండింటిలో ఏ పూత గట్టిదో తేల్చమన్నారు. మెషిన్ చూస్తే రెండింటికీ ఒకే మందం చూపిస్తోంది. మేడం ఎవర్నీ తిట్టేవారు కాదు, కళ్లజోడు తీసి చూసేవారు. (నాకు ముందు పనిచేసినతను ఆ చూపుకే మానేశాడట.) పామర్రులో మా నాన్నేమో నేను సైంటిస్టునని ఊరంతా చాటేశాడు. ఉద్యోగం పోతే ఏ ముఖంతో బస్సు దిగను?

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మేమంతా పటమట అన్నయ్య అని పిలిచే మా సీనియర్, మెషిన్‌కి పసుపూ కుంకుమా పెట్టి, నా సీసాల్ని కూడా మూతలు తీయించి ముందు నిలబెట్టాడు. మూతలుంటే దీవెన లోపలికి వెళ్లదట. (నేనూ నమ్మాను. భయమున్నవాడు ఏదైనా నమ్ముతాడు.) తర్వాత నిమ్మకాయ కోసి మెషిన్ చుట్టూ తిప్పి పిండాడు. రెండు సీసాల్లోనూ చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే మొదటిదాంట్లో తెల్లటి పలుకులు తేలాయి. కలియబెట్టి చూశాను, ఇంకా ముద్దకట్టింది. అన్నయ్య హారతి పళ్లెంతో సహా మాయమయ్యాడు. నేను మాత్రం రెప్ప వేయడానికి కూడా భయపడి, ఆ రెండు సీసాలనే చూస్తూ కూర్చున్నాను. మేడం రాగానే లేచి నిలబడ్డాను.

"పాలు విరిగాయండి మేడం. నిమ్మరసం పడింది."

ఆవిడ కళ్లజోడు తీశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"రెండో దాంట్లో పడలేదా?"

"పడిందండీ. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. దానికేమీ కాలేదు."

ఆవిడ ఆ సీసా ఎత్తి వెలుతురులో చూశారు. పులుపు తగిలితే మొదటి పూత ముడుచుకుపోతోంది, రెండోది నిలబడుతోంది. మెషిన్ చెప్పలేనిది నిమ్మకాయ చెప్పింది. తన బీరువాలో విడిగా దాచిన కాస్త శాంపిల్ ఇచ్చి, సరైన యాసిడ్‌తో, కొలత ప్రకారం మళ్లీ చేయమన్నారు. "నిమ్మకాయలు మాత్రం గుమ్మం బయట పిండుకోండి" అన్నారు. ఉద్యోగం నిలిచిందని నాకు అర్థం కావడానికి సాయంత్రం బస్సెక్కేదాకా పట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో నన్నే సార్ అంటున్నారు. పాలు విరిగితే కంగారుపడను, కారణం ఫలానా అని సీసా వైపు చూడకుండానే చెప్పేస్తాను. మొన్న అలా చెప్పింది శుద్ధ తప్పని తేలింది. భయపడే రోజుల్లో ఎంత బాగా చూసేవాణ్ణో కదా అనిపించి, నాలో నేనే నవ్వుకున్నాను.