రెండు వేళ్ల బిగింపు

మూసాపేటలో కెమెరాలు బాగుచేసే ఒకావిడ ఉండేది. మనం ఎంత చెబుతున్నా, ముందు లెన్సు అద్దం మీద "హా" అని ఊది, ఆ ఆవిరి ఆరేదాకా దానివైపే చూసేది. మన మాట ఆ తర్వాతే.

ఒకరోజు నాకున్న ఒక్కగానొక్క లెన్సు పట్టుకెళ్లాను. దాని ముందు రక్షణకని బిగించిన గాజు ఫిల్టర్ పగిలి, ఊడిరాకుండా ఇరుక్కుపోయింది. ఆ పెంకులు లెన్సును గీరేశాయేమోనని నా భయం.

"ఖాజాగూడ బండమీంచి ఇరవై అడుగులు పడిందమ్మా!" అన్నాను. కొట్టులో ఉన్న ఇద్దరు హైటెక్ సిటీ కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. వాళ్లను చూసి ఇరవైని ముప్పై చేశాను.

ఆవిడ పాత రబ్బరు చెప్పు ముక్కను ఫిల్టర్‌కు అదిమి తిప్పింది. ఊడొచ్చింది. లెన్సు మీద ఊది చూసింది. ఒక్క గీత లేదు.

"ఫిల్టర్ పెట్టుకోవాల్నా అక్కా?" అన్నాడో కుర్రాడు.

"పెట్టుకో తమ్మీ. పెద్దసారు లెన్సు బతికింది గదా."

వాళ్లు వెళ్లాక ఊడిన ఫిల్టర్ నా ముందు పెట్టింది. అంచుకు ఎదురెదురుగా, పళ్లతో కొరికినట్టు రెండు గాట్లు.

"బండకు గిట్ల పండ్లుంటయా, పెద్దసారూ?"

ఒప్పుకుంటున్నాను. లెన్సు ఎక్కడా పడలేదు. జాగ్రత్త ఎక్కువై ఫిల్టర్‌ను గట్టిగా బిగించి, తర్వాత ఊడకపోతే వంటింటి పటకారుతో నొక్కి నేనే పగలగొట్టాను.

"అయితే ఫిల్టర్ కాపాడినట్టా, కాపాడనట్టా?" అనడిగాను.

"కాపాడింది. బండ నుంచి కాదు, మీ చేతుల నుంచి." కొత్తది రెండు వేళ్లతో తిప్పి, ఆగినచోట ఆపింది. "ఇగ గింతే. పటకారు వంటింట్లనే ఉండనియ్యుండ్రి."

ఇప్పటికీ రెండు వేళ్లతోనే తిప్పుతాను. ఫిల్టర్ ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం ఖాజాగూడ బండ కథే చెబుతాను. ఇప్పుడది నలభై అడుగులు.