మాటల్లేని పుస్తకంలో మేక

మా దీవిలో, ఈ డాలీగంజ్‌లో వాన పట్టిందంటే నెలల తరబడి విడవదు. బీరువా తలుపు తీస్తే చాలు, చీరల మీదా కాగితాల మీదా పట్టిన బూజు వాసన గుప్పుమంటుంది. అది తగిలినప్పుడల్లా నాకు మా బడి గుర్తొస్తుంది. రేకుల కప్పు, చెమ్మెక్కిన చెక్క గోడలు, వాన హోరులో టీచరు గొంతు వినపడక మేమంతా బెంచీల మీంచి ముందుకు వంగి కూర్చున్న మధ్యాహ్నాలు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్నకి ఇక్కడ హార్బర్ వర్క్‌షాపులో ఉద్యోగమొస్తే, విశాఖపట్నంలో ఓడెక్కి సముద్రం దాటి వచ్చేశాం. వీధిలో బెంగాలీలు, రాంచీవాళ్లు, తమిళులు; ఒక్కో ఇంట్లోంచి ఒక్కో తాలింపు వాసన, పిల్లలందరి పోట్లాటలూ హిందీలో. గవ్వలాటకి భాష అక్కర్లేదు గనక వీధిలో నెట్టుకొచ్చేదాన్ని గానీ బడిలో నోరు పెగిలేది కాదు. ఇంగ్లీషు అసలే రాదు. పరీక్షలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పలేకపోతే మూడో క్లాసు నుంచి ఒకటికి దించేస్తామని హెడ్మాస్టరు నాన్నకి కబురు చేశాడు. నాన్న ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మా స్టెల్లా టీచరు రాంచీ మనిషి. ఆవిడ ఒకరోజు అక్షరం ముక్క లేని బొమ్మల పుస్తకం నా ముందు పెట్టింది. అందులో వాన, పొంగుతున్న ఏరు, జనంతో నిండిన పడవ, పడవలో ఒక పిల్ల, గట్టున ఉండిపోయిన మేక. సగం దూరం పోయాక ఆ పిల్ల పడవవాణ్ణి బతిమాలి వెనక్కి తిప్పించి మేకని ఎక్కించుకుంటుంది. నీ భాషలోనే చెప్పమంది టీచరు. ఆవిడకి తెలుగు రాదు. అయినా నేను చెప్పినంతసేపూ తలూపుతూ విని, పేజీకో ఇంగ్లీషు మాట నాచేత పలికించింది. గోట్, బోట్, రెయిన్. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లమంది.

చదవడానికే ఏమీ లేని పుస్తకంతో ఏం చదువొస్తుందని నాన్న విసుక్కున్నాడు. అమ్మకి చదువు రాదు, పుస్తకాల జోలికే వెళ్లేది కాదు. ఆ రోజు మాత్రం చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని నా పక్కన చతికిలబడి, ఒక్కో పేజీ తిప్పుతూ మేక దగ్గర ఆగింది.

"మేక కడుపుతో ఉందే, సూడు. అందుకే ఆ పడవలో గుంట దాన్నొగ్గెయ్యనేక ఎనక్కొచ్చింది."

అది టీచరుకి చెప్పి తీరాలనిపించింది. అంతకుముందు ఆ బడిలో ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. మర్నాడు చేతులతో సైగలు చేస్తే, టీచరు అర్థం చేసుకుని కావలసిన ఇంగ్లీషు మాటలు అందించింది.

పరీక్షనాడు హెడ్మాస్టరు బల్ల మీద టీచరు ఆ బొమ్మల పుస్తకమే తెరిచి పెడితే, గోట్, బోట్ అని ఆగిపోయాను. ఆయన పుస్తకం మూసెయ్యబోతుంటే మేక పొట్ట మీద వేలు పెట్టాను.

"గోట్ మదర్. బేబీ ఇన్‌సైడ్. గర్ల్ కమ్ బ్యాక్."

ఆయన కళ్లజోడు సర్దుకుని బొమ్మని మళ్లీ చూశాడు. నన్ను మూడో క్లాసులోనే ఉంచారు. ఆ సాయంత్రం అమ్మ కొబ్బరి బూరెలు వండి స్టెల్లా టీచరుకి ఓ గిన్నెడు పంపింది. ఆ తర్వాత టీచరు ఇచ్చిన అలాంటి పుస్తకాలన్నీ ముందు అమ్మ చూశాకే నా చేతికొచ్చేవి.

ఇప్పుడా బడి స్థలంలో సిమెంటు మేడ లేచింది. టీచరు బదిలీ అయ్యాక ఎక్కడుందో తెలియలేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. వీధిలో తెలుగిళ్లు ఉన్నాయి గానీ లోపల మాటలన్నీ హిందీలోనే. మా మనవరాలు ఇంగ్లీషులో గడగడా కథలు చెబుతుంది. తెలుగులో ఓ కథ చెప్పవే అంటే, నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, వర్డ్స్ నహీ ఆతే" అంటుంది, మాటలు రావని.