డాక్టర్ అంకుల్ కొండ దిగిన శనివారం

మాంద్యంలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన మరుసటి చలికాలం నేను పెన్సిల్వేనియా కొండల్లో స్కీయింగ్ నేర్పాను. ఏ రిసార్టులోనూ పర్మనెంట్ కాదు. జనం ఎక్కువైన వారాంతాల్లో చిన్న చిన్న రిసార్టుల వాళ్ళు ఫోన్ చేసి పిలిస్తే వెళ్ళేదాన్ని. మామూలు రోజుల్లో అడవి దారుల్లో జనాన్ని నడిపించేదాన్ని. చదువుకునే రోజుల్లో కొలరాడోలో పట్టుకున్న పిచ్చి అది. ఎప్పటికైనా అన్నం పెడుతుందని అనుకోలేదు.

నా సంగతి న్యూజెర్సీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పార్సిప్పనీకి ఎలా పాకిందో తెలియదు. స్కీయింగ్ నేర్పే తెలుగమ్మాయి ఉందట అని ఎవరో ఎవరికో చెప్పారు. ఇక ప్రతి శనివారం వ్యాన్ల నిండా జనం. జీన్స్‌లో రావద్దని ఫోన్‌లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా జీన్స్‌లోనే దిగేవారు. ఒకదాని మీద ఒకటి మూడేసి జతల సాక్సులు తొడుక్కుని, బూటు పట్టడం లేదని నన్ను నిలదీసేవారు. హెల్మెట్ కింద మంకీ క్యాపు తీయించడానికే సగం పాఠం అయిపోయేది. మిగతా సగం జవాబులు చెప్పడానికి. "ఇది ఫుల్‌టైమా?" "ఇన్సూరెన్స్ ఇస్తారా?" "మళ్ళీ ఐటీలో ట్రై చేయట్లేదా?" మంచులో కూలబడ్డ మనిషిని రెక్క పట్టుకుని లేపుతుంటే, ఆ మనిషే కింది నుంచి అడిగేవాడు, "మీ ఆయన ఏమీ అనరా?" అని.

అలాంటి గుంపుల్లో ఒకదానితో వచ్చారు డాక్టర్ అంకుల్. డెబ్బై దాటిన గుండె డాక్టరు. ఎన్నో ఏళ్ళు న్యూజెర్సీలో ప్రాక్టీసు చేసి అప్పుడే రిటైరయ్యారు. మాట కృష్ణా జిల్లాది, నడక మిలిటరీది. వెంట ఆయన భార్య. స్కీల జోలికి రానని ఆంటీ ముందే చెప్పి, వాలు కిందే ఉన్న లాడ్జి హాల్లో కిటికీ పక్కన కుర్చీ చూసుకుని కూర్చునేవారు.

"అంకుల్, మోకాళ్ళు వంచండి."

"వంచాగా."

"అది నడుము అంకుల్."

స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా, పీజా ముక్కలా పెడితే వేగం తగ్గుతుందని చెప్పాను. చిన్నపిల్లలకు ఒక్కసారి చెబితే పట్టుబడుతుంది. ఆయన మాత్రం ఫ్రిక్షన్ గురించి నాకే క్లాసు పీకి, రెండు స్కీలూ రైలు పట్టాల్లా పెట్టి జారి, వాలు చివర కట్టిన వలలో చిక్కుకున్నారు. తీసి నిలబెట్టాను. మళ్ళీ వలలోకే. పడ్డ ప్రతిసారీ తప్పు మంచుది. అయినా తర్వాతి శనివారం వచ్చారు. ఆ తర్వాతి శనివారమూ వచ్చారు.

ఫిబ్రవరిలో ఒకరోజు, "ఇవాళ నన్ను పైకి తీసుకెళ్ళు," అన్నారు.

"ఇంకొన్నాళ్ళు ఇక్కడే చేద్దాం అంకుల్. పైనుంచి దిగడం ఇప్పుడే మీ వల్ల కాదు."

ఆయన సరేనన్నట్టు తలూపారు. నేను వలలో పడ్డ ఇంకొకావిడను విడిపించి తిరిగి చూసేసరికి మనిషి లేరు. లాడ్జిలోకి పరుగెత్తి ఆంటీని అడిగితే, కిటికీలోంచి, తీగ మీద కుర్చీల్లో జనాన్ని పైకి మోసే చెయిర్ లిఫ్ట్ వైపు చూపించారు. "అదుగో, పోతున్నారు. నువ్వే పంపావనుకున్నానే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మిగతావాళ్ళను ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌కు అప్పజెప్పి లిఫ్ట్ ఎక్కాను. పైన గాలి లేచి మంచు అడ్డంగా కొడుతోంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి తేలికది, ఇంకొకటి నల్ల వజ్రం గుర్తున్న నిట్టనిలువు దారి. ఆయన ఏది ఎంచుకుని ఉంటారో నేను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. నిట్టనిలువు దారిలో కాస్త కిందికి, చెట్ల అంచున, ఒక స్కీ ఊడిపోయి కూర్చుని ఉన్నారు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. వ్యూ చూస్తున్నా."

నాలుగు చెట్ల అవతల ఏమీ కనిపించని మంచులో వ్యూ! అప్పుడు అరిచాను. పెద్దవాళ్ళ మీద అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు. "మీరు బెడ్ రెస్ట్ చెప్పిన పేషెంటు లేచి మెట్లెక్కి పోతే ఊరుకునేవారా? మీకేమన్నా అయితే ఆంటీకి నేనేం చెప్పాలి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తిరిగి పెట్టుకుని, కింది దారి వైపు చూడకుండా నా వైపే చూశారు.

ఫోన్ చేస్తే కొండ మీద దెబ్బలు తగిలినవాళ్ళను దించే స్కీ పట్రోల్ అతను, మనిషిని పడుకోబెట్టి లాగే స్లెడ్ తీసుకుని వచ్చాడు. దాన్ని చూడగానే అంకుల్ మొహం మారిపోయింది.

"పడుకోబెట్టి కట్టేసి తీసుకెళ్తారా? మా ఆవిడ కిటికీలోంచి చూస్తుంది. నేను పోయాననుకుంటుంది. ఎలా దిగాలో నువ్వు చెప్పమ్మా. చెప్పినట్టు చేస్తా."

ఆ ఒక్క మాట కోసం వారాల తరబడి గొంతు చించుకున్నాను. ఇప్పుడా అనడం!

పట్రోల్ అతను ఆయన కాళ్ళూ చేతులూ చూసి, పక్కనే వస్తానని ఒప్పుకున్నాడు. ఊడిన స్కీ తొడిగించి, రెండూ వాలుకు అడ్డంగా పెట్టించి, మెట్లు దిగినట్టు పక్కవాటుగా ఒక్కో అడుగే వేయించాను. నేను ఆయనకు కిందివైపున నిలబడ్డాను. "కింది కాలు. బరువెయ్యండి. ఇప్పుడు పై కాలు." మోకాళ్ళు చక్కగా వంగాయి.

సగం దిగాక, నా వైపు చూడకుండా అన్నారు, "రిటైరయ్యాక ఇంట్లో అందరూ నన్ను కూర్చోమనే వాళ్ళేనమ్మా. కూర్చోండి, మేం చూసుకుంటాం అంటారు. ఇక్కడ నువ్వు కూడా అదే అంటుంటే..."

"నేను కూర్చోమనలేదు అంకుల్. మోకాళ్ళు వంచమన్నాను."

ఆయన నవ్వబోయి జారి నా మీద పడ్డారు. ఇద్దరం లేవడానికి చాలాసేపు పట్టింది.

కిందికి చేరేసరికి ఆంటీ బయట చలిలో నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చి ఆయన హెల్మెట్ బకిల్ విప్పారు, అంతే. నాకైతే ఎముక విరగకుండా మనిషిని దించానని కాస్త గర్వంగానే ఉంది. వాళ్ళు బూట్లు మార్చుకుని కారు దగ్గరికి బయలుదేరారు. పార్కింగ్ లాట్‌లో, చదునైన నేల మీద, పేరుకున్న ఐసు మీద కాలు జారి అంకుల్ వెల్లకిలా పడ్డారు. లేచి కూర్చుని, ఎడమ మణికట్టును కుడిచేత్తో తడిమి చూసుకుని, "ఫ్రాక్చర్," అని తేల్చేశారు.

కబురు పార్సిప్పనీ చేరింది. పార్కింగ్ లాట్ సంగతి మాత్రం దారిలోనే రాలిపోయింది. ఆ అమ్మాయి స్కీయింగ్ అని తీసుకెళ్ళి డాక్టర్ గారి చేయి విరగ్గొట్టిందట! వ్యాన్లు ఆగిపోయాయి. వివరంగా చెబుదామని ఫోన్ చేస్తే, "పర్లేదమ్మా, సమ్మర్‌లో వస్తాంలే," అన్నారొకరు. సమ్మర్‌లో స్కీయింగ్!

మార్చిలో అంకులే ఫోన్ చేశారు. కట్టు ఇంకా విప్పలేదట. "శనివారం ఖాళీయేనా అమ్మాయ్? ఒక చేత్తో స్కీ చేయొచ్చు కదా?"

"చేయకూడదు. కావాలంటే నడవడానికి రండి."

వచ్చారు, ఆంటీతో సహా. మంచు కరిగి ఆరిన, రాళ్ళు లేని దారి ఒకటి వెతికి తీసుకెళ్ళాను. కాసేపు బుద్ధిగా నా వెనకే నడిచారు. ఆ తర్వాత నన్ను దాటుకుని ముందుకు వెళ్ళి, దారి చీలిన చోట ఎవరినీ అడగకుండా కుడికి తిరిగారు. మేం వెళ్ళాల్సింది ఎడమకు.

"పిలువమ్మా," అన్నారు ఆంటీ. "నువ్వు పిలిస్తే ఆగుతారేమో."

పిలిచాను. బాగున్న చేయి గాల్లో ఊపారు గానీ, ఆగలేదు.