చిన్నాయన అంగడి గోడకు నా పేరు

పోయిన వారం నా కింది దవడలో మిగిలిన కాసిని పళ్లలో ఒకటి కదలడం మొదలుపెట్టింది. పనిచేసిన వయసంతా ఇతరుల నోళ్లలోకి తొంగిచూసినవాణ్ణే అయినా నా పన్ను నేను పీక్కోలేను కనుక, అలిపిరి దారిలో కొత్తగా పెట్టిన క్లినిక్కుకు వెళ్లి అందరితోపాటు బెంచీమీద కూర్చున్నాను. ఎదురు గోడమీద అక్కడి డాక్టరమ్మ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాని పక్కన ఈమధ్య టీకొట్టులో కూడా కనబడే నలుపు తెలుపు చుక్కల చదరం ఉన్నాయి. గుండు చేయించుకుని కొండ దిగివచ్చిన యాత్రికుడొకడు తన ఫోనును ఆ చదరానికెదురుగా పెట్టి, తెరమీద డాక్టరమ్మ పేరూ నంబరూ చదువూ వచ్చేదాకా చూసి, నిజం డాక్టరేనని భార్యకు చెప్పి నెమ్మదిగా కూర్చున్నాడు. నేను మాత్రం ఆ సర్టిఫికెట్‌నే చూస్తూ ఉండిపోయాను. దాన్ని గోడకు జిగురుపట్టీతో అంటించారు. మేకు లేదు.

మేకు అనగానే నాకు గుర్తొచ్చేది నగరి బజారులో మా చిన్నాయన అంగడి. ఆయన మా నాయనకు తమ్ముడు. నాయన నా చిన్నతనంలోనే పోతే, పిల్లలు లేని చిన్నాయనా చిన్నమ్మా నన్ను తెచ్చుకుని పెంచారు. ఆయనది పళ్ల అంగడి అని నేను చెబితే బడిలో పిల్లలు అరటిపళ్లు తెమ్మనేవాళ్లు. నిజానికి ఆయన పళ్లు పీకేవాడు, కట్టుడు పళ్ల సెట్టులు చేసేవాడు. లోపల అడుగుపెడితే లవంగనూనె వాసన, మంగలి అంగట్లోదానిలాంటి ఎత్తు కుర్చీ, వీధివైపు ఎర్రటి చిగుళ్లతో నవ్వుతున్న పళ్ల బొమ్మ వేసిన రేకు బోర్డు. తిరుపతి నుంచి వచ్చే బస్సులో కాలో చెయ్యో విరిగినవాళ్లు కట్టు కోసం పుత్తూరులో దిగిపోతే, చెంప పట్టుకుని కూర్చున్నవాళ్లకు కండక్టరు అడక్కుండానే నగరి టికెట్టు కొట్టేవాడని చిన్నాయన గొప్పగా చెప్పుకునేవాడు.

మీలో నా వయసువాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో పళ్ల పని చాలావరకు చదువుతో వచ్చేది కాదు, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో చట్టం వచ్చి, పళ్ల వైద్యం చేసేవాళ్ల పేర్లు రాష్ట్రంలో ఒక రిజిస్టరులో ఉండాలన్నారు. చదివినవాళ్లు ఒక భాగం, చదవకపోయినా అప్పటికే కొన్నేళ్లుగా ఆ పనిమీదే బతుకుతున్నవాళ్లు ఇంకో భాగం. చిన్నాయనకు పని నేర్పిన ఆయన మేనమామ ఆ రెండో భాగంలో చేరి, వచ్చిన కాగితానికి అద్దం కట్టించి అంగట్లో కుర్చీకి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. చిన్నాయన అప్పటికి మీసం రాని పిల్లవాడు కాబట్టి ఆ రిజిస్టరులోకి రాలేదు, తర్వాత వద్దామంటే తలుపు మూసేశారు. మేనమామ పోయేదాకా ఆయనకు సాయంగా ఉన్నాడు. పోయాక ఆ కాగితం చెల్లదని తెలిసి తీసి బట్టలో చుట్టి దాచాడు. మేకును మాత్రం పీకలేదు, దానికి ఏ క్యాలెండరూ తగిలించనివ్వలేదు.

ఆ మేకు నా కోసమని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. హైదరాబాదులో పళ్ల డాక్టరు చదువు చదివి, ఆ రిజిస్టరు చూసే డెంటల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, నంబరు వేసిన సర్టిఫికెట్ చేతికొచ్చాక తిరుపతిలో బస్టాండుకు దగ్గర్లో లాడ్జీల మధ్య ఒక గది చూసుకుని క్లినిక్ పెట్టాను. అసలు కాగితం అక్కడ ఉండాలి కనుక దానికి నకలు తీయించి, అద్దం కట్టించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నగరికి తీసుకువెళ్లాను. నేనే స్టూలెక్కి నా చేతులతో తగిలించాను. చిన్నాయన కింద నిలబడి, ఎడమపక్కకు వాలింది సూడప్పా, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సరిచేయించాడు. చిన్నమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ రోజే ఆయన నాకొక మాట ఇచ్చాడు, నేనొక మాట ఇచ్చాను. ఇకమీదట తాను సెట్టులు అరగదీసి ఇవ్వడం తప్ప ఎవరి నోట్లోనూ పట్టకారు పెట్టనన్నాడు. నేను ప్రతి ఆదివారమూ వచ్చి పీకవలసినవి పీకుతానన్నాను. నిబంధనలకు అది పూర్తిగా ఒప్పుతుందో లేదో నేను చూడలేదు, మొదట్లో మాత్రం మనసుకు ఒప్పింది.

కొన్నాళ్లు ప్రతి ఆదివారమూ వెళ్లాను. నేను పని చేస్తుంటే ఆయన పక్కన నిలబడి టార్చి పట్టేవాడు. తర్వాత వారం విడిచి వారం, ఆ తర్వాత నెలకోసారి, చివరికి పండుగలకు మాత్రమే వెళ్లడం అలవాటైంది. ఆదివారాలు తిరుపతిలో యాత్రికుల రద్దీ అని చెప్పేవాణ్ణి, అది నిజమే. కానీ అసలు సంగతి వేరే. నాతోపాటు చదువుకున్న స్నేహితుడొకడు ఒకసారి నా వెంట నగరికి వచ్చి, ఆ ఎత్తు కుర్చీనీ ఎర్ర చిగుళ్ల బోర్డునూ చూసి మొహం తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నన్ను పెంచిన అంగడిని చూస్తే నాకే సిగ్గేసింది. పోనీ నా పేరును అక్కడినుంచి దించానా అంటే అదీ లేదు. నా పేరు అక్కడ ఉన్నన్నాళ్లు చిన్నాయన దగ్గర నేను చేయవలసింది చేసినట్టేనని సరిపెట్టుకున్నాను.

మా వీధి చివర మగ్గాలమీద చీరలు నేసే ఇంటి కోడలు ఒకామె ఉండేది. చిన్నాయనను అన్నా అని పిలిచేది. చక్కెర జబ్బు మనిషి. ఆమెకు కింది దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. ఆమె చేసే పనిలో నూలు పోగును పళ్లతో కొరికి తెంపడం చేతికంటే ముందొచ్చే అలవాటు, ఆ కొరకడం ఆగిపోయేసరికి అంగడికి వచ్చింది. చిన్నాయన చూసి, ఈ పన్ను తాను ముట్టేది కాదని, డాక్టరు ఆదివారం వస్తాడని చెప్పి పంపాడు. ఆ ఆదివారం నేను వెళ్లలేదు. ఆమె మళ్లీ వచ్చింది. ఆమె అన్న మాటను చిన్నమ్మ చాలా కాలం తర్వాత నాకు చెప్పింది.

"ఏమన్నా, కొండమీది సామినైనా క్యూలో కూసుంటే ఎప్పుడో ఒకప్పుడు సూడొచ్చు. మీ అబ్బాయిని సూసే యోగం మాత్రం మాకు లేదే."

చిన్నాయన నవ్వాడట. నవ్వాడే గాని, వెంటనే పోస్టాఫీసుకు వెళ్లి నా క్లినిక్కుకు ఫోను చేసి, వాపు మెడకు దిగుతోంది, ఈ ఆదివారం తప్పకుండా రమ్మని చెప్పి పెట్టాడు. ఆ కబురు నాకు అందింది. అందలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. ఆమెను తిరుపతికే పంపెయ్యమని ఒక్క మాట వెనక్కి చెప్పినా సరిపోయేది, అదీ చెప్పలేదు. ఆ ఆదివారం తిరుపతిలో ఒక హోటల్లో మా పళ్ల డాక్టర్ల సమావేశం ఉంది. చదువులేకుండా పళ్లు పీకేవాళ్లమీద కౌన్సిల్ గట్టి చర్య తీసుకోవాలని ఒక పెద్దాయన ఆవేశంగా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సోమవారం తెల్లవారేసరికి ఆమెకు నోరు తెరుచుకోలేదు, ఊపిరి అందడం కష్టమైంది. భర్త జీపు మాట్లాడుకుని తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. దవడ కింద కోసి చీము తీసి ప్రాణం నిలబెట్టారు. నోరు మాత్రం ఆ తర్వాత రెండు వేళ్లు దూరేంత కూడా తెరుచుకోలేదు. ఆమె భర్త నగరికి తిరిగివచ్చి, చిన్నాయనను ఒక్క మాట అనకుండా, గోడమీది అద్దంలో ఉన్న నా పేరునూ నంబరునూ చీటీమీద రాసుకుని వెళ్లి కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాడు. అతను చేసింది న్యాయమే. గోడమీద నంబరు ఉండేది అందుకే.

కౌన్సిల్ నుంచి నాకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. రిజిస్టరులో పేరున్నవాడు తన పేరును లేనివాడికి అరువిస్తే ఆ పేరు కొట్టేయవచ్చు. కొట్టేస్తే నేను ఎక్కడా క్లినిక్ పెట్టుకోలేను. అప్పటికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. ఆ మర్నాడే బస్సెక్కి నగరికి వెళ్లాను, అదీ ఆదివారం కాదు. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చాలాకాలం నేను నా భార్యకు కూడా, చిన్నాయనే తనంతట తాను ముందుకొచ్చి తప్పు తనమీద వేసుకున్నాడని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. నేను అడిగాను. ఆ ఎత్తు కుర్చీలో నేనే కూర్చుని, తలెత్తకుండా, ఆ సర్టిఫికెట్ అక్కడ ఉన్నట్టు నాకు తెలియదని చెబితే నా పేరు నిలుస్తుందని అన్నాను. ఆయన చేతిలోని సెట్టును ఆకురాయితో కాసేపు అరగదీస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత చిన్నమ్మను పిలిచి నాకు అన్నం పెట్టమన్నాడు.

హైదరాబాదుకు ఒకే రైల్లో వెళ్లాం, వేరే వేరే పెట్టెల్లో. కౌన్సిల్ గదిలో రిజిస్ట్రారూ కొందరు పెద్ద డాక్టర్లూ కూర్చుని ఉన్నారు. మర్యాదగానే అడిగారు. నేను తెలియదన్నాను. తర్వాత చిన్నాయనను పిలిచారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అంత పెద్ద గదిలో ఆయన అంత చిన్నగా ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. పేరు లేకుండా ఇంకొకరి సర్టిఫికెట్ ఎందుకు తగిలించావని అడిగారు.

"మావాడికి తెలీదు సార్. నేనే తగిలించినాను. గోడ బోసిగా ఉండాదని."

ఆమె నోట్లో చెయ్యి పెట్టావా అని అడిగితే, లేదు సార్, పెట్టలేదు అన్నాడు. వాళ్లకు నమ్మకం కలగలేదు. పట్టకారు పట్టకుండా ఉన్నానని ఆయన చెప్పుకోవాలంటే, నా ఆదివారాల సంగతి చెప్పాలి. అది చెప్పలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. నాకు తెలిసిన నిజం నా నాలుకమీదే ఉంది. నేను గోడమీది ఫ్యానును చూస్తూ కూర్చున్నాను.

నన్ను హెచ్చరించి వదిలేశారు. అంగడి విషయం పోలీసులకు రాశారు. వాళ్లొచ్చి తాళం వేశారు, కోర్టులో చిన్నాయన తప్పు ఒప్పుకున్నాడు. వాళ్లు విన్నదాన్నిబట్టి వాళ్లు చేసింది సరైనదే. వాళ్లు వినవలసింది వినిపించనివాణ్ణి నేను. ఆ తర్వాత ఆయన బంధువుల బట్టల అంగట్లో లుంగీలు మడతపెట్టే పనికి కుదిరాడు. అటువైపు వెళ్లినప్పుడు ఒకసారి ఆ నేతింటి కోడలిని చూశాను. మెడలో తాడుకు చిన్న కత్తెర వేలాడుతోంది. నూలు దానితో తెంపుకుంటోంది.

చిన్నాయన పళ్లు ఊడిపోయాక నేనే సెట్టు చేస్తానని బలవంతం చేశాను. తిరుపతికి పిలిపించి, నా కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన చిగుళ్లకు అచ్చు తీశాను. జీవితమంతా ఇతరుల నోళ్లు తెరిపించిన మనిషి నా ముందు నోరు తెరుచుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సెట్టు పెట్టాక అద్దంలో చూసుకుని, బాగా కుదిరిందప్పా అన్నాడు. నేను వెళ్లినప్పుడల్లా అది ఆయన నోట్లోనే ఉండేది. అంత పాపం చేసినా ఈ ఒక్కటైనా సరిగ్గా చేసి ఇచ్చానని లోపల ఎక్కడో తృప్తిపడేవాణ్ణి.

ఆయన పోయిన పన్నెండోనాడు, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, ఆ సెట్టు ఏం చేశారని చిన్నమ్మను అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, దాచడానికి ఇంకేం మిగిలిందన్నట్టు చెప్పింది.

"అది ఒరుసుకుంటా ఉండె నాయనా ఆయనకు. నీకు చెప్పద్దన్నాడు. అన్నం గూడా తీసేసే తినేవాడు. ఆదివారం మాత్రం పొద్దున్నే కడిగి పెట్టుకుంటాడు. నువ్వొస్తావేమోనని. చీకటి పడినాక తీసేస్తాడు."

అలిపిరి దారి క్లినిక్కులో ఆ డాక్టరమ్మ నా పన్నును నొప్పి తెలియకుండా తీసింది. మంచి చెయ్యి. నేను కూడా పళ్ల డాక్టరునేనని ఆమెకు చెప్పలేదు. రాష్ట్రం విడిపోయాక రిజిస్టరూ విడిపోయింది, ఇప్పుడది ఫోనులోకి వచ్చేసింది. ఊరూ పేరూ తెలియని యాత్రికుడు కూడా నిమిషంలో నిజమూ అబద్ధమూ తేల్చుకోగలుగుతున్నాడు. మా రోజుల్లోనే ఇది ఉంటే ఎంత బాగుండేదని మొదట అనుకున్నాను. ఉన్నా ఏం లాభం, నగరి గోడమీది నా పేరును ఎవరు ఎలా సరిచూసినా నిజమైనదనే వచ్చేది. ఆ పేరు నిజమైనదే. ఆ పేరుగలవాడే ఆదివారం రాలేదు.

నా రిజిస్ట్రేషన్ గడువు ఈ నెలతో తీరిపోతుందని, కొనసాగించుకోవాలంటే వివరాలు నింపమని ఫోనులో సందేశం వచ్చి ఉంది. ఇంటికి వచ్చాక, దూదిని మిగిలిన పళ్ల మధ్య నొక్కిపెట్టుకుని, దాన్ని తెరిచాను. పేరు దానంతట అదే వచ్చింది. నంబరూ వచ్చింది. ప్రాక్టీసు చేసే చోటు ఏదని అడిగిన గడి మాత్రం ఖాళీగా ఉంది. నగరి అని రాయవలసిన ఏళ్లన్నిటిలోనూ నేను అక్కడ తిరుపతి అని రాశాను. ఇప్పుడు రాద్దామన్నా, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బజారులో ముందువరస అంగళ్లన్నీ కొట్టేశారు. చిన్నాయన బోసిగా ఉండాదన్న ఆ గోడ ఇప్పుడు లేనే లేదు. గడిని అలాగే వదిలేసి ఫోను మూశాను. ఆ రోజు ఆదివారం.