సలోమి ఆంటీ చూపించిన క్రోమర్

ఆక్లాండ్‌లోని పాపటోయిటోయిలో మా ఫ్లాట్ కింద చేపలూ చిప్సూ వేయించి అమ్మే కొట్టు ఒకటుంది. శుక్రవారం సాయంత్రం వేడి చిప్స్ మీద వెనిగర్ చల్లగానే ఆ ఘాటు మెట్లెక్కి, తలుపు తట్టకుండా నా గదిలోకి వచ్చేస్తుంది. అద్దె కట్టేది నేనే అయినా అభ్యంతరం చెప్పను. ఆ వాసన తగిలితే చాలు, ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న క్రోమర్ అనే చిన్న ఊరు గుర్తొస్తుంది. నేనెప్పుడూ ఇంగ్లండ్ వెళ్ళలేదు. ఆ ఊరు నాకు చూపించిన సలోమి ఆంటీ కూడా వెళ్ళలేదు. ఆవిడ ఇప్పుడిక్కడ లేరు. కంగారు పడకండి, బ్రిస్బేన్ వెళ్ళిపోయారు. న్యూజిలాండ్‌లో మంచివాళ్ళంతా చివరికి చేరేది అక్కడికే.

ఆంటీ న్యూ లిన్ దగ్గర ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, సీనియర్ నర్సు. నేను బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుకుందామని వరంగల్ నుంచి వచ్చి, చదివేసి, ఆ పట్టాతోనే అక్కడ కేర్‌గివర్‌గా చేరాను. మేనేజ్‌మెంట్ వృథా పోలేదు. చలికాలం పొద్దున్నే ముసలివాళ్ళను స్నానానికి ఒప్పించడం కంటే కష్టమైన బేరం ఏ కంపెనీలోనూ ఉండదు. మా వార్డులో ఆర్థర్ అని ఎనభై దాటిన మనిషి ఉండేవాడు. మతిమరుపు జబ్బు. నలభై ఏళ్ళకు పైగా ఆక్లాండ్‌లో బతికినా ఆ సంగతి చెరిగిపోయి, చిన్నప్పటి క్రోమర్ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం టీ వేళకు లేచి నిలబడి, ఇంటికి బస్సు ఎన్నింటికని అడిగేవాడు. నేను నిజాయితీపరుణ్ణి కదా, "ఆర్థర్, ఇది ఆక్లాండ్. మీ ఊరు భూగోళానికి అటు పక్కనుంది, బస్సు లేదు" అని చెప్పేవాణ్ణి. ఆయన మొహం పాలిపోయేది. మర్నాడు మళ్ళీ అడిగేవాడు, నేను మళ్ళీ చెప్పేవాణ్ణి. ఒకరోజు ఆంటీ నన్ను దుప్పట్ల గదిలోకి లాక్కెళ్ళారు.

"ఏంట్రా కిరణ్, ఆయన్ని రోజూ ఊళ్ళోంచి వెళ్ళగొడుతున్నావు?"

"నిజమే కదాంటీ చెప్పింది."

"సాక్షి బోనెక్కావా నిజం చెప్పడానికి? దారి అడుగు. ఊరికి కొత్తనని చెప్పి, కాస్త చూపించమను."

అడిగాను. ఆయన వెన్ను నిటారుగా నిలిచింది. ఆ రోజు నుంచి మా వరండా క్రోమర్ అయిపోయింది. దుప్పట్ల గది పెద్ద చర్చి. ఆ చుట్టుపక్కల అంత ఎత్తు గంటల గోపురం ఇంకోటి లేదట, సముద్రం మీదున్న పడవలకు అదే గుర్తట. చర్చికి వీపు పెట్టి రాళ్ళు పరిచిన ఏటవాలు దారిలో దిగితే సముద్రం. అక్కడినుంచి నీళ్ళలోకి పొడుగ్గా జెట్టీ, దాని చివర, సముద్రంలో మునిగేవాళ్ళను కాపాడే పడవ ఉంచే లైఫ్‌బోట్ షెడ్డు. అది మా భోజనాల గది. ఇంతకంటే పాత ఊరొకటి ఎప్పుడో సముద్రంలో మునిగిపోయిందనీ, తుఫానుకు ముందు ఆ ఊరి చర్చి గంటలు నీళ్ళలోంచి వినిపిస్తాయనీ ఆర్థర్ గొంతు తగ్గించి చెప్పాడు. "మరి ఆ గంటలు కొట్టేవాడికి జీతం ఎవరిస్తున్నారు?" అని అడిగాను. ఆంటీ ఉరిమి చూశారు. ఆర్థర్ మాత్రం కట్టుడు పళ్ళు జారేదాకా నవ్వాడు. క్రోమర్ పీతల గురించి ఆయన గొప్పలు పోతుంటే, వాటి మీద వేసేది మిరియాలూ వెనిగరేనని తెలిసి ఆంటీ ముక్కున వేలేసుకున్నారు. "కారం లేదా? పాపం పీత" అన్నారు. అన్నది ఇంగ్లీషులోనే గానీ చీరాల యాస స్పష్టంగా వినబడింది.

ఆ ఏడాది జులైలో, ఇక్కడ నడి చలికాలంలో, ఒక రోజు పొద్దుటినుంచీ పడమటి గాలి కిటికీలను కొడుతోంది. ఆంటీ భర్త దావీదు అంకుల్ క్యారేజీ ఇచ్చి వెళ్దామని వచ్చి, నర్సుల గదిలో కూర్చుని కబుర్లలో పడ్డారు. టీ వేళకు చూస్తే ఆర్థర్ కుర్చీ ఖాళీ. గది ఖాళీ. బీరువాలో ఓవర్‌కోటు లేదు. నేను స్నానాల గదులన్నీ వెతికి వచ్చేసరికి అంకుల్ మొహంలో రంగు మారుతోంది.

"కోటూ టోపీ పెట్టుకున్న పెద్దాయనా? నేను లోపలికొస్తుంటే ఎదురొచ్చాడు సలోమీ. తలుపు తెరిచి పట్టుకున్నాను. టోపీ తీసి థాంక్యూ అన్నాడు. ఎవరో డాక్టరనుకున్నా."

"ఎక్కడికని అడగలేదా?"

"బయల్దేరే పెద్దమనిషిని ఎక్కడికని ఎలా అడుగుతాం? అపశకునం కదా!"

"క్రైస్తవులం, మనకి శకునాలేంటండీ!"

"అది మతం కాదు, మర్యాద" అన్నారాయన నీరసంగా.

భూమ్మీద ఇంకే జాతివాడైనా ఒక్క ప్రశ్న అడిగి ఉండేవాడు. మనవాడు తలుపు పట్టుకుని, వంగి, దణ్ణం ఒక్కటే తక్కువగా సాగనంపాడు. ఆంటీ పోలీసులకు ఫోన్ చేశారు. "తలుపు తీసింది మా ఆయనే" అని అడక్కుండానే చెప్పారు. ఆర్థర్‌కేమైనా అయితే ఆవిడ ఉద్యోగమూ లైసెన్సూ ఏమవుతాయో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఫోన్ పెట్టేసి గేటు వైపు నడిచారు.

"బస్టాపుకి పోదాం ఆంటీ, రోజూ అడిగేది బస్సే కదా" అన్నాను.

"కోటేసుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళాడంటే ఇవాళ ఆయన లెక్కలో క్రోమర్ ఊళ్ళోనే ఉన్నాడురా. ఊళ్ళో ఉన్నవాడికి ఇంటికి బస్సెందుకు?" అంటూ చుట్టూ చూశారు. రోడ్డవతల చర్చి, దాని మీద గంటల గోపురం. నేను రోజూ దాని కిందే కారు పెట్టేవాణ్ణి, ఎప్పుడూ తలెత్తలేదు. ఆంటీ దానికి వీపు పెట్టి నిలబడ్డారు. ఎదురుగా దారి ఏటవాలుగా హార్బర్‌లోకి దిగుతోంది.

కారులో ఆ దారినే దిగాం. కింద చిన్న బీచ్, పాత చెక్క జెట్టీ. ఆటు దాటి పోటు మొదలైంది. బురద మీదికి నీళ్ళు చప్పుడు లేకుండా పాకుతున్నాయి. ముందు కనబడింది టోపీ, ఇసుకలో దొర్లుతూ. తల లేని టోపీ మీద వేయడానికి నా దగ్గర జోకు లేదు. తర్వాత ఆయన కనబడ్డాడు. జెట్టీ చిట్టచివర, కంచె లేనిచోట, చెప్పుల ముందు భాగం గాలిలోకి చాచి నిలబడి ఉన్నాడు. నేను పరుగు తీయబోతే ఆంటీ నా చొక్కా గుంజారు.

"పరిగెత్తకు. చప్పుడైతే తిరుగుతాడు, తిరిగితే పడతాడు."

ఆవిడ మామూలుగా, వరండాలో మందుల బండి తోస్తున్నట్టు నడిచారు. దూరంనుంచే, "ఆర్థర్, లైఫ్‌బోట్ షెడ్డు తెరిచే ఉందా?" అని అడిగారు.

"పడవ బయటికెళ్ళింది" అన్నాడాయన తిరక్కుండా. "మా నాన్న అందులోనే ఉన్నాడు. వచ్చేదాకా చూస్తూ ఉండమంది అమ్మ."

చేతులు నీలం తిరిగిపోయాయి. గాలి కొట్టినప్పుడల్లా కోటు తెరచాపలా ఉబ్బి ఆయన్ని ఊపుతోంది. వచ్చేశాడు మీ నాన్న, ఇంట్లో ఉన్నాడు అనే అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆంటీ చెయ్యెత్తి నన్నాపారు.

"మీ వంతు అయిపోయింది ఆర్థర్. ఇక నేను నిలబడతాను. మీరెళ్ళి టీ తాగండి."

"నువ్వెవరు?"

"నాది వాడరేవు. మా నాన్నా సముద్రం మీద వేటకెళ్ళేవాడు. మా అమ్మతో నేనూ నిలబడ్డాను."

రెండేళ్ళు పక్కన పనిచేసినా ఈ మాట నేను వినలేదు. ఆర్థర్ మెల్లగా తల తిప్పి ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు, పనివాణ్ణి కుదుర్చుకునే ముందు చూసినట్టు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. "కళ్ళు తిప్పకు" అన్నాడు. ఆంటీ ఆయన నిలబడ్డ చెక్క పలక మీదికెళ్ళి సముద్రం వైపు తిరిగారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. జెట్టీ పొడుగునా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కసారీ తల తిప్పలేదు.

ఆయన్ని హోమ్‌కి చేర్చి, పోలీసులకు చెప్పి, దుప్పట్లు కప్పి, టీ తాగించాక ఆంటీ కోసం వెళ్ళాను. చీకటి పడుతోంది. అదే పలక మీద, పల్చటి యూనిఫాంలో, అలాగే నీళ్ళవైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఏంటాంటీ ఇది! కారెక్కగానే ఆయన అంతా మర్చిపోయాడు. ఇంకా ఎవరికోసం?"

"టీ తాగాడా?"

"తాగాడు. నా బిస్కెట్లు కూడా తిన్నాడు."

"అయితే సరే" అని అప్పుడు కదిలారు. కాళ్ళు బిగుసుకుపోయి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

విచారణ జరిగింది. ఉన్నదున్నట్టు చెప్పి ఆంటీ ఒక హెచ్చరికతో బయటపడ్డారు. తలుపుకు నంబర్ల తాళం వచ్చింది. దావీదు అంకుల్ ఆ తర్వాత చర్చిలో కూడా ఎవరికీ తలుపు పట్టుకోలేదని చెప్పుకునేవారు. ఆర్థర్ మరుసటి వసంతంలో నిద్రలోనే పోయాడు.

మొన్న వార్డులో ఒక పెద్దావిడకి బాగా లేదు. వెల్లింగ్టన్‌నుంచి కూతురు బయల్దేరుతూ ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా అమ్మ దగ్గర ఉండగలరా?" అని అడిగింది. ఉంటానన్నాను. నా షిఫ్ట్ అయిపోయింది. పెద్దావిడ మత్తులో ఉన్నారు, నేనున్నదీ లేనిదీ తెలిసే స్థితి కాదు. తర్వాతి షిఫ్ట్ కుర్రాడు తొంగి చూసి, "ఇంకా ఇంటికెళ్ళలేదా అన్నా? ఓవర్‌టైం ఇవ్వరు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. చివరికి కూతురు వచ్చింది. నా వైపు చూడకుండానే వాళ్ళమ్మ చెయ్యి అందుకుంది. కుర్చీ కూతురికిచ్చి, అప్పుడు బయటికొచ్చాను.