షైనీ ఆర్కుట్ పేజీ

అనకాపల్లి మెయిన్ రోడ్డులో, మెట్ల కింద కాళ్లు చాపుకునే చోటైనా లేని ఇంటర్నెట్ సెంటర్లో పొద్దుట తొమ్మిదింటికి పనిలోకి వస్తే, షైనీ చీకటి పడేదాకా ఇంటికెళ్లదు. స్నేహితుల్ని కలిపే ఆర్కుట్ సైటు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి ఆమె పేజీనే తెరిచి చూపించాలని ఓనరు మాట. కాబట్టి ఆ పేజీని తీసేయడానికి లేదు. షట్టరు ఎత్తగానే ముందు ఆ పేజీలో పేరులేనివాడెవడో ఆమె ఎత్తుపళ్ల మీద రాసిన వెక్కిరింతలు చెరుపుతుంది. మాట్లాడుతున్నంతసేపూ పైపెదవిని కిందికి లాక్కుంటూనే ఉంటుంది. ఒక్కో కస్టమరు వెళ్లాక కీబోర్డు తుడిచి, వాళ్లు తెరిచి వదిలేసిన పేజీలు మూయడం ఆమె అలవాటు. మొన్న మూడో క్యాబిన్లో, ఉద్యోగాల దరఖాస్తులకని రోజూ వచ్చే ఆనందకుమార్ సైన్ అవుట్ చేయడం మరిచిపోయాడు. తెర మీద ఉన్నది ఆ పేరులేనివాడి పేజీయే. షైనీ నిలబడే అంతా చదివింది. సైన్ అవుట్ చేసి, తెర కూడా తుడిచింది.

మర్నాడు అతను హడావిడిగా వచ్చాడు. "దరఖాస్తుకి ఈయాల్టితో ఆఖరండి! ఫొటో ఎక్కట్లేదు మేడమ్!"

"సైజు తగ్గించాల. లెగండి, నేను సేత్తాను," అని షైనీ అతని కుర్చీలో కూర్చుంది. ఫొటో ఎక్కాక మెల్లిగా అంది: "నిన్న సైన్ అవుట్ సెయ్యకుండా ఎల్లిపోయేరు. నేనే సేసేను."

అతను పక్క క్యాబిన్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంకెప్పుడూ రాయనండి. ఒట్టు."

"మీరు రాయరు లెండి," అంది షైనీ, దరఖాస్తు ప్రింటు అతని చేతికిస్తూ. "మీరు రాసింది సూసి ఇంకో పదకొండుమంది మొదలెట్టేరు. ఫొటో ఎక్కించమని ఆళ్లెవరూ నా దగ్గిరికి రారు కదండీ."